పాత ట్రాక్టరు ఇంజను లోప నిర్ధారణ, మరమ్మతు: తిరువూరు నేపథ్యంలో యంత్రజ్ఞానం – పలుకుబడి

వ్యాససంగ్రహం

ఒక తరం నుంచి మరొక తరానికి అందిన పాత ట్రాక్టరు మొరాయించినప్పుడు దాని వయసునే కారణంగా చెప్పడం పరిపాటి. “ఇంజను బోరుకు వచ్చింది” అన్న ఒక్క మాటతో నిర్ధారణ ముగిసిపోతుంది. ఇంజనును విప్పకముందే డీజిలు, గాలి, కంప్రెషన్, చల్లదనం, ఆయిలు అనే అంశాలను వరుసగా పరీక్షిస్తే లోపం ఎక్కడుందో చాలావరకు తెలుసుకోవచ్చునని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ పరీక్షలను తెలుగు మెకానిక్కుల పలుకుబడితో జతచేసి చూస్తే, “గాలి పట్టడం”, “ఆయిలు తాగడం”, “బోరుకు రావడం” వంటి మాటల నిర్మాణంలోనే మరమ్మతు స్వభావాన్ని సూచించే భేదాలు ఉన్నాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ట్రాక్టరు, డీజిల్ ఇంజను, లోప నిర్ధారణ, వృత్తిపదజాలం, మెకానిక్కుల పలుకుబడి, తిరువూరు.

1. ఉపోద్ఘాతం

తిరువూరు పూర్వపు కృష్ణా జిల్లాలో, 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న పట్టణం. తెలంగాణ సరిహద్దుకు చేరువలో, విజయవాడను జగదల్‌పూర్‌తో కలిపే జాతీయ రహదారి మీద ఉంది. ఈ ప్రాంతంలో మాగాణిలో వరి, మెట్టలో పత్తి, మిరప పండుతాయి. మామిడి తోటలు విస్తారంగా ఉన్నాయి. ఈ పంటల కలయిక ట్రాక్టరు ఇంజను మీద రెండు భిన్నమైన ఒత్తిళ్లు తెస్తుంది. మెట్ట దుక్కిలోను, తోటల్లోను ఇంజను దుమ్ము పీలుస్తూ పనిచేస్తుంది. మాగాణిలో దమ్ము చక్రాలతో బురదలో తిరిగేటప్పుడు తక్కువ వేగంతో, ఎక్కువ భారంతో గంటల తరబడి పనిచేస్తుంది. మొదటిది గాలి మార్గాన్ని, రెండవది చల్లబరిచే వ్యవస్థను పరీక్షకు పెడతాయి. కొత్త యంత్రం ఈ రెంటినీ తట్టుకుంటుంది. నలభై యాభై ఏళ్ల యంత్రంలో మాత్రం ఎక్కడ చిన్న లోపమున్నా ఈ పనుల్లోనే బయటపడుతుంది.

పాత ట్రాక్టరును కుటుంబాలు నిలుపుకోవడానికి మమకారం ఒక్కటే కారణం కాదు. అందులో ఎలక్ట్రానిక్ నియంత్రణలు లేవు. పానాలు, ఫీలర్ గేజి, కొన్ని పుల్లర్లు ఉంటే దానిలోని అధిక భాగాన్ని చెట్టుకిందనే విప్పి బిగించవచ్చు. బాకీ తీరిపోయిన బండి కనుక దాని మీద వచ్చే ఖర్చు డీజిలు, ఆయిలు, మరమ్మతులకే పరిమితం. అయితే ఈ లెక్క నిర్ధారణ సరిగా ఉన్నప్పుడే నిలుస్తుంది. ఫిల్టరు మారిస్తే తీరే లోపానికి ఇంజను దించితే, చేతిలో ఉన్న సొమ్ముతోపాటు దమ్ము రోజులు కూడా పోతాయి. అదే సమయంలో బాడుగ ట్రాక్టరు కోసం అందరితోపాటు వేచి ఉండవలసి వస్తుంది. పాత ట్రాక్టరు విషయంలో తప్పు నిర్ధారణకు రైతు చెల్లించే మూల్యం ఇది.

2. యంత్రం రాక – పదకోశపు హద్దు

భారతదేశంలో ట్రాక్టర్ల తయారీ స్వాతంత్ర్యానంతరం మొదలైంది. 1959లో ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు తయారైంది. 1960లో మద్రాసులో మాసీ ఫెర్గూసన్ సహకారంతో టాఫే సంస్థ ఏర్పడింది. 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి నెలకొల్పిన సంస్థ నుంచి బి-275 వచ్చింది. 1970ల తొలినాళ్లలో పింజోర్‌లో హెచ్.ఎం.టి., 1974లో పంజాబు నుంచి స్వరాజ్ ట్రాక్టర్లు వెలువడ్డాయి.

తెలుగులో వృత్తిపదజాల సేకరణకు పునాది వేసిన భద్రిరాజు కృష్ణమూర్తి ‘మాండలిక వృత్తి పదకోశం’ తొలి సంపుటాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించింది. అది వ్యవసాయ పదాలకు సంబంధించినది. నాగలి, గొర్రు, గుంటక, బండి వంటి పనిముట్ల అంగాలకు ప్రాంతాలవారీగా ఉన్న పేర్లను అది భద్రపరిచింది. ఆ సంవత్సరం టాఫే స్థాపనకు, బి-275 రాకకు నడుమ ఉండడం గమనార్హం. సంప్రదాయ సేద్యపు పదజాలం గ్రంథస్థమవుతున్న కాలంలోనే సేద్యంలోకి కొత్త యంత్రం అడుగుపెట్టింది. ఆ యంత్రం చుట్టూ తరువాతి దశాబ్దాలలో పెరిగిన పలుకుబడి షెడ్లలో, ఆటోనగర్లలో, పొలం గట్ల మీద నోటిమాటగానే నిలిచింది.

ఈ పలుకుబడిలో భాగాల పేర్లు ఎక్కువగా ఆంగ్లం నుంచి వచ్చినవే: నాజిల్, పంపు, లైనరు, రింగు, టాపెట్టు, గ్యాస్కెట్టు, సెల్ఫు. అందువల్ల ఇందులో తెలుగు పరిశోధనకు విషయం లేదనిపించవచ్చు. కానీ లోపాన్ని చెప్పే క్రియలు తెలుగువి: పట్టు, తాగు, తిను, కక్కు, లాగు, కొట్టు, వచ్చు. నిర్ధారణ అంతా ఈ క్రియలలోనే జరుగుతుంది. కనుక ముందుగా ఇంజను ఎలా చెడుతుందో, ఆ చెడును ఎలా గుర్తిస్తారో తెలుసుకొని, ఆ తరువాత ఈ మాటలను పరిశీలించడం ఉచితం.

3. డీజిల్ ఇంజనుకు కావలసినవి

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని మండిస్తుంది. డీజిల్ ఇంజనులో రవ్వ ఉండదు. పిస్టను పైకి వస్తూ సిలిండరులోని గాలిని దాదాపు 16 నుంచి 18వ వంతుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. ఆ క్షణంలో నాజిల్ నుంచి సన్నని తుంపరగా పడిన డీజిలు తనంతట తాను అంటుకుంటుంది. కాబట్టి ఇంజను నడవడానికి మూడు షరతులు ఉన్నాయి: తగినంత గాలి లోపలికి రావాలి, అది బయటికి జారిపోకుండా నొక్కబడాలి, శుభ్రమైన డీజిలు తగిన సమయంలో, తగిన తుంపరగా పడాలి. నడుస్తున్న ఇంజను నిలబడడానికి మరి రెండు కావాలి: వేడి బయటికి పోవాలి, కదిలే భాగాల మధ్య ఆయిలు పొర తెగకూడదు.

ఉదాహరణకు మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరులో అమర్చిన పెర్కిన్స్ 3.152 ఇంజనును తీసుకోవచ్చు. దీనికి మూడు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసం 91.4 మి.మీ., పిస్టను ప్రయాణం 127 మి.మీ., మొత్తం పరిమాణం సుమారు 2.5 లీటర్లు. మద్రాసులోని సింప్సన్ సంస్థ పెర్కిన్స్ లైసెన్సుతో ఇంజన్ల తయారీ చేపట్టింది. టాఫే 1035 ట్రాక్టర్లలో కనిపించేది సింప్సన్ వారి మూడు సిలిండర్ల ఇంజనే. ఇలాంటి ఇంజనులో క్రాంకు 240 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండరు మండుతుంది. అంటే శబ్దం మూడేసి దెబ్బల వరుసగా ఉంటుంది. ఒక సిలిండరు పనిచేయకపోతే రెండు దెబ్బలు, ఒక ఖాళీగా వినిపిస్తుంది. అనుభవం గల మెకానిక్కు బండి దగ్గరికి రాకముందే “ఒకటి మిస్సవుతోంది” అనగలగడానికి ఈ లయభంగమే ఆధారం.

4. విప్పకముందు చేయవలసిన పరీక్షలు

నిర్ధారణలో మూలసూత్రం ఒకటే: తేలికైన దానినుంచి కష్టమైన దానికి, బయటినుంచి లోపలికి, ఖర్చులేని దానినుంచి ఖర్చైన దానికి వెళ్లాలి. ప్రతి పరీక్షా ఒక కారణాన్ని నిలబెట్టాలి లేదా తొలగించాలి. ఒకేసారి రెండు మూడు భాగాలు మార్చితే, బండి బాగుపడినా ఏ లోపం వల్ల చెడిందో తెలియదు.

4.1 సెల్ఫు తిరిగే వేగం

పాత బండి ఉదయం పూట స్టార్టు కాకుండా తెల్లటి పొగ వదులుతుంటే వెంటనే కంప్రెషన్ పోయిందని అంటారు. కానీ క్రాంకు మెల్లగా తిరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. మెల్లగా నొక్కిన గాలి తన వేడిని సిలిండరు గోడలకు కోల్పోతుంది. డీజిలు అంటుకోక ఆవిరిగా బయటికి వస్తుంది. బ్యాటరీ బలహీనపడడం, టెర్మినల్ మీద ఉప్పులాంటి పొర పేరుకోవడం, ఛాసిస్‌కు వెళ్లే ఎర్తు వైరు వదులు కావడం వంటివి దీనికి కారణాలు కావచ్చు. టెర్మినళ్లను గీకి శుభ్రం చేసి, మంచి బ్యాటరీతో ఒకసారి ప్రయత్నించి చూడనిదే ఇంజనును నిందించకూడదు. బి-275 వంటి బండ్లలో హీటరు ప్లగ్గులు, మాసీ 35లో గాలి గొట్టంలోని హీటరు పనిచేస్తున్నాయో లేదో కూడా ఈ దశలోనే చూడాలి.

4.2 గాలి పట్టడం

సెల్ఫు చురుగ్గా తిరుగుతున్నా సైలెన్సరు నుంచి ఏ రంగు పొగా రాకపోతే సిలిండర్లలోకి డీజిలు చేరడం లేదని అర్థం. ద్రవం నొక్కుడుకు లొంగదు కనుక పంపు ఇచ్చిన తోపు నాజిల్ దాకా చేరుతుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే పంపు తోపు ఆ బుడగను కుదించడంతోనే సరిపోతుంది; నాజిల్ తెరుచుకోదు. దీనినే “గాలి పట్టింది” లేదా “ఎయిర్ పట్టింది” అంటారు.

గాలిని తీసే క్రమం ట్యాంకు నుంచి ఇంజను వైపు సాగాలి. ట్యాంకు కుళాయి తెరిచి ఉన్నదో లేదో, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందో చూడాలి. మూత వదులు చేయగానే బండి నడిస్తే లోపం ఆ రంధ్రానిదే. ఆ తరువాత ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడు పంపు చేతి మీటను ఆడిస్తూ, బుడగలు లేని డీజిలు వచ్చేదాకా వదలాలి. మీటకు పట్టు దొరకకపోతే పంపు చెడిందని అనుకోనక్కరలేదు; లోపలి క్యామ్ ఎత్తు మీద ఆగి ఉండవచ్చు. క్రాంకును కొద్దిగా తిప్పితే పట్టు వస్తుంది. తరువాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూలు, చివరగా నాజిళ్ల పైపుల నట్లు వదులు చేసి సెల్ఫు తిప్పాలి. నాజిల్ నుంచి వెలువడే తుంపర చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. అది పైకి చిన్న గాయంగా కనిపించినా తక్షణ వైద్యం అవసరమైన ప్రమాదం. అందువల్ల దాని ముందు చేయి ఉంచకూడదు.

గాలి తీసిన మరునాడు మళ్లీ అదే లక్షణం కనిపిస్తే అసలు మరమ్మతు జరగలేదని గ్రహించాలి. గాలి ఎక్కడినుంచి వస్తున్నదో వెదకాలి: పాతబడిన రాగి వాషర్లు, పగిలిన రబ్బరు గొట్టం, ఫీడు పంపు డయాఫ్రం, ఫిల్టరు సీలు. పైపులో ఆగి ఉన్న డీజిలు బయటికి కారని చోటినుంచి కూడా, పంపు పీల్చేటప్పుడు గాలి లోపలికి రాగలదు. కనుక తడి కనిపించలేదు కాబట్టి సందు లేదనడం సరికాదు.

4.3 పొగ రంగులు

పొగను చూసేటప్పుడు రంగుతోపాటు అది ఎప్పుడు వస్తున్నదో కూడా గమనించాలి. నల్లపొగ అంటే డీజిలుకు తగిన గాలి అందడం లేదని. భారం పడినప్పుడు మాత్రమే వస్తే ముందుగా గాలి వడపోత చూడాలి. పాత బండ్లలో ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు ఉంటుంది. దుమ్ములో పనిచేసిన రోజుల్లో దాని గిన్నెలోని ఆయిలు బురదవుతుంది. గిన్నె కడిగి, గుర్తు వరకే కొత్త ఆయిలు పోయాలి. వడపోత శుభ్రంగా ఉండీ నల్లపొగ వస్తుంటే నాజిల్ తుంపరగా కాక ధారగా వదులుతున్నదేమో పరీక్షించాలి.

నీలపొగ అంటే ఇంజను ఆయిలు మండుతున్నదని. రింగులు, లైనర్లు అరగడం ఇందుకు ప్రసిద్ధ కారణం. వాల్వు గైడ్లు అరిగినా ఆయిలు పైనుంచి దిగుతుంది. ఎయిర్ క్లీనరు గిన్నెలో గుర్తుకు మించి పోసినా అదే పొగ వస్తుంది. రాత్రంతా ఆగి ఉదయం స్టార్టు చేయగానే నీలపొగ వచ్చి కాసేపటికి తగ్గిపోతే గైడ్లను, భారంతో పాటు పెరుగుతుంటే రింగులను ముందుగా అనుమానించాలి. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకుండా, రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే, అది నీటి ఆవిరి. అప్పుడు హెడ్ గ్యాస్కెట్టు వైపు చూడాలి.

4.4 మిస్సింగ్ – తారుమారు పరీక్ష

ఏ సిలిండరు పనిచేయడం లేదో కనుక్కోవడానికి ఇంజనును మెల్లని వేగంతో నడిపి ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును వదులు చేయాలి. పనిచేసే సిలిండరు నట్టు వదిలితే ఇంజను తడబడుతుంది. ఏ నట్టు వదిలితే శబ్దంలో మార్పు రాదో ఆ సిలిండరు అప్పటికే పనిచేయడం లేదు. ఇంతవరకు ఎక్కువమంది చేస్తారు. తరువాతి మెట్టు ముఖ్యమైనది. పనిచేయని సిలిండరు నాజిల్‌ను పక్క సిలిండరు నాజిల్‌తో తారుమారు చేయాలి. లోపం నాజిల్‌తోపాటు పక్కకు పోతే నాజిల్‌దే తప్పు. లోపం అక్కడే నిలిచిపోతే కంప్రెషన్, వాల్వు, లేదా ఆ సిలిండరుకు పంపు ఇచ్చే డీజిలు వైపు వెళ్లాలి. పైసా ఖర్చు లేకుండా అనుమానాన్ని సగానికి తగ్గించే పరీక్ష ఇది. రాగి వాషరు మాత్రం కొత్తది వేయాలి.

ఇంజెక్షన్ పంపు విషయంలో మాత్రం గ్రామీణ షెడ్డుకు ఒక హద్దు ఉంది. డి.పి.ఏ. రకం రోటరీ పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన. నీరు, దుమ్ము కలిసిన డీజిలు వాటిని త్వరగా అరగదీస్తుంది. దానిని బెంచి మీద పెట్టి ప్రతి పైపుకూ వెళ్లే పరిమాణాన్ని కొలవాలి. సీలు తెంచి స్క్రూ తిప్పడం వల్ల పొగ పెరుగుతుంది కాని లోపం తీరదు. టైమింగు గుర్తులు గీసుకోకుండా పంపును దించడం మరొక కొత్త లోపాన్ని తెచ్చిపెడుతుంది.

4.5 వేడి, ఆయిలు, శబ్దం

దమ్ములో బండి వేడెక్కితే ముందుగా రేడియేటరు రెక్కల మధ్య చిక్కుకున్న గడ్డి, బురద, ఊక చూడాలి. తరువాత ఫ్యాను బెల్టు, రేడియేటరు మూత, నీటి పంపు. ఖనిజ లవణాలు ఎక్కువగా ఉన్న బోరునీరు పోస్తూ వస్తే ఇంజను లోపలి నీటి దారుల్లో గార పేరుకుంటుంది. వేడెక్కుతున్నదని థర్మోస్టాట్‌ను తీసివేయడం ఒక అలవాటు. దానివల్ల ఇంజను చేరవలసిన వేడికి చేరక ఆయిలు గుజ్జుగా మారుతుంది, అరుగుదల పెరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు మూత తీయడం ప్రమాదకరమని వేరే చెప్పనక్కరలేదు.

డిప్‌స్టిక్ మూడు సంగతులు చెబుతుంది. మట్టం తగ్గితే ఆయిలు కారుతున్నది లేదా మండుతున్నది. రంగు పాలు కలిపిన కాఫీలా మారితే నీరు కలిసింది. మట్టం పెరిగి ఆయిలు పలచబడితే డీజిలు కలుస్తున్నది. ఫీడు పంపు డయాఫ్రం చిరిగినప్పుడు అలా జరుగుతుంది. ఈ మూడవ స్థితిని చాలామంది సంతోషంతో “ఆయిలు తగ్గడం లేదు” అని అర్థం చేసుకుంటారు. బేరింగులు పాడయ్యేది అప్పుడే.

శబ్దం విషయంలో తొందరపాటు తగదు. ఒక నట్టు వదిలినప్పుడు కొట్టుడు తగ్గితే అది నాజిల్ కొట్టుడు కావచ్చు, ఆ సిలిండరు కనెక్టింగ్ రాడ్డు బేరింగు కొట్టుడూ కావచ్చు. మండడం ఆగితే బేరింగు మీద భారమూ తగ్గుతుంది. ఇక్కడ కూడా నాజిళ్ల తారుమారే తేలుస్తుంది. శబ్దం నాజిల్‌తోపాటు మారితే క్రాంకును ముట్టనక్కరలేదు.

5. “బోరుకు వచ్చింది” – ఎప్పుడు నిజం?

పై పరీక్షలన్నీ జరిగిన తరువాత కూడా కొన్ని లక్షణాలు కలిసి కనిపిస్తే ఇంజను విప్పవలసిందే. ఆయిలు పోసే మూత తీసినప్పుడు ఇంజను శబ్దానికి అనుగుణంగా పొగ ఎగదన్నడం, బ్రీదరు గొట్టం నుంచి ఎడతెగని పొగ, భారంతో పెరిగే నీలపొగ, చురుగ్గా తిరిగే సెల్ఫుతో కూడా ఉదయం స్టార్టు కాకపోవడం, బరువు లాగలేకపోవడం ఇందులో ముఖ్యమైనవి. కంప్రెషన్ గేజి ఉంటే మూడు సిలిండర్ల అంకెలను పోల్చాలి. ఒక అంకె ఒంటరిగా చెప్పేదానికన్నా వాటి మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. తగ్గిన సిలిండరులో కొద్ది చుక్కల ఆయిలు వేసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే రింగులు, లైనరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వు లేదా గ్యాస్కెట్టు వైపు చూడాలి. ఆయిలు ఎక్కువ పోస్తే అది నొక్కుడుకు లొంగక పిస్టనును అడ్డగించి రాడ్డును వంచగలదు.

రింగులు బాగా అరిగిన ఇంజనుకు మరొక ప్రమాదం ఉంది. అది తన ఆయిలునే ఇంధనంగా తీసుకొని, స్టాపు లాగినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోగలదు. అప్పుడు గాలి దారిని మూయడమే మార్గం. అందుకు చదునైన చెక్కను వాడాలి. అరచేయి అడ్డు పెట్టకూడదు.

విప్పిన తరువాత అడగవలసిన ప్రశ్న “ఏమి అరిగింది?” అన్నదానితో ఆగకూడదు, “ఎందుకు అరిగింది?” అని కూడా అడగాలి. లైనరు పైభాగం త్వరగా అరిగి, గాలి గొట్టంలో సన్నని దుమ్ము కనిపిస్తే, ఎయిర్ క్లీనరుకు, ఇంజనుకు మధ్య ఉన్న రబ్బరు గొట్టం చీలి ఉండవచ్చు. ఆ గొట్టాన్ని అలాగే ఉంచి లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేస్తే కొత్త సామగ్రి కూడా అదే దారిన పోతుంది.

బిగింపులోనూ కొలతకే ప్రాధాన్యం. క్రాంకును కొలిచి, అవసరమైతేనే గ్రైండింగు చేయించాలి. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 10, 20, 30 సైజుల బేరింగులు దీనికి దొరుకుతాయి. ప్రతి గ్రైండింగుతోను క్రాంకు ఆయుష్షులో ఒక మెట్టు తగ్గుతుంది. హెడ్డు చదునును నిటారు పట్టీ, ఫీలర్ గేజిలతో చూడాలి. హెడ్డు నట్లను మధ్యనుంచి అంచులకు, విడతలుగా, టార్కు పానాతో బిగించాలి. పెర్కిన్స్ 3.152లో టాపెట్ల సందు ఇంజను చల్లగా ఉన్నప్పుడు 0.30 మి.మీ., వేడిగా ఉన్నప్పుడు 0.25 మి.మీ. సందు తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. శబ్దం పోవాలని టాపెట్లను మరీ బిగించడం వల్ల కలిగే నష్టం ఇదే.

6. పలుకుబడి పరిశీలన

పై నిర్ధారణ క్రమాన్ని దృష్టిలో ఉంచుకొని తెలుగు మెకానిక్కుల మాటలను చూస్తే మూడు నిర్మాణాలు స్పష్టంగా వేరుపడతాయి.

మొదటిది ‘-కు పట్టు’ నిర్మాణం. “పంపుకు గాలి పట్టింది” అనే వాక్యం “ఇనుముకు తుప్పు పట్టింది”, “గోడకు చెమ్మ పట్టింది”, “కుండకు మసి పట్టింది” అనే వాక్యాల కోవలోది. ఇందులో బయటినుంచి వచ్చినది కర్త. యంత్రం ‘-కు’ విభక్తితో నిలుస్తుంది. పట్టినది వదిలించదగినది. మరమ్మతు కూడా తీసివేతే: “గాలి తీయడం”. దీనికి భిన్నంగా “ఇంజను పట్టేసింది” అన్నప్పుడు యంత్రమే కర్త. పిస్టను సిలిండరులో బిగుసుకుపోయిందని అర్థం. ఒకే ధాతువు, ఒక విభక్తి, ఒక సహాయక్రియ తేడాతో పది నిమిషాల పనికి, ఇంజను దించే పనికి మధ్య ఉన్న దూరాన్ని చెప్పగలుగుతున్నది.

రెండవది ప్రాణిధర్మాన్ని ఆరోపించే నిర్మాణం. “ఆయిలు తాగుతోంది”, “డీజిలు తింటోంది”, “పొగ కక్కుతోంది” అనేవి అలంకారాలుగా కనిపించినా వాటి ప్రయోజనం వర్గీకరణ. “ఆయిలు కారుతోంది” అంటే బయటి సీలు లోపం. “ఆయిలు తాగుతోంది” అంటే లోపల మండుతున్నది. రెండింటిలోనూ తగ్గేది ఆయిలే. ఏ క్రియ వాడాలో తేల్చడానికి కింద నేల తడిసిందో, పైన పొగ నీలమైందో చూడాలి. మాట ఎంపికలోనే పరీక్ష ఇమిడి ఉంది.

మూడవది ‘-కు వచ్చు’ నిర్మాణం. “ఇంజను బోరుకు వచ్చింది” అనే మాట “చేను కోతకు వచ్చింది”, “పిల్ల పెళ్లీడుకు వచ్చింది” అనే మాటలతో సమానమైన అచ్చులో పోతపోసినది. కాలం గడిచి ఒక దశకు చేరుకోవడాన్ని ఈ నిర్మాణం తెలుపుతుంది. ఇందులో లోపం అనే భావం లేదు, పక్వత ఉంది. కోతకు వచ్చిన చేనును ఎందుకు కోస్తున్నావని ఎవరూ అడగరు. అలాగే బోరుకు వచ్చిన ఇంజనును ఎందుకు విప్పుతున్నావని కూడా అడగరు. పాత ట్రాక్టరు విషయంలో ఈ తీర్పు సులువుగా ఆమోదం పొందడానికి ఈ నిర్మాణం ధ్వనింపజేసే సహజత్వం కూడా ఒక కారణమని భావించవచ్చు. మిగిలిన రెండు నిర్మాణాలు పరీక్షను కోరుతాయి. ఈ మూడవది పరీక్ష ముగిసిన తరువాత అనవలసిన మాట. వయసు ఎక్కువైన బండి మీద దానిని పరీక్షకు ముందే ప్రయోగించడమే తప్పు నిర్ధారణకు దారితీస్తుంది.

7. ఉపసంహారం

పై వివరణ నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

1. పాత ట్రాక్టరు ఇంజను లోపాలలో బ్యాటరీ తీగలు, గాలి పట్టడం, వడపోతలు, నాజిళ్లు వంటి బయటి కారణాలు లోపలి అరుగుదల లక్షణాలనే చూపగలవు. వాటిని తొలగించకుండా ఇంజను విప్పడం నిర్ధారణ కాదు.

2. నాజిళ్ల తారుమారు, చుక్కల ఆయిలుతో కంప్రెషన్ పోలిక వంటి పరీక్షలు ఒక్కొక్క కారణాన్ని నిలబెట్టే లేదా కొట్టివేసే తర్కం మీద ఆధారపడినవి. వాటికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు.

3. అరిగిన భాగాన్ని మార్చడంతోపాటు అరుగుదలకు మూలమైన కారణాన్ని సరిచేసినప్పుడే మరమ్మతు పూర్తవుతుంది.

4. మెకానిక్కుల తెలుగులో భాగాల పేర్లు అరువు తెచ్చుకున్నవైనా, లోపాన్ని వర్గీకరించే క్రియా నిర్మాణాలు తెలుగు వాక్యస్వభావానికి చెందినవి. వృత్తిపదకోశం కేవలం నామవాచకాలను సేకరిస్తే ఈ జ్ఞానం జారిపోతుంది. ఏ లక్షణానికి ఏ క్రియ, ఏ విభక్తి వాడతారో, ఆ మాట అనే ముందు ఏ పరీక్ష చేస్తారో కలిపి నమోదు చేయాలి.

చెవితో, ముక్కుతో, చేతి స్పర్శతో పాత డీజిల్ ఇంజనును గుర్తుపట్టే తరం ఇంకా తిరువూరు వంటి పట్టణాల షెడ్లలో పనిచేస్తున్నది. కొత్త ట్రాక్టర్ల వైపు షెడ్లు మళ్లేకొద్దీ పాత యంత్రాలతోపాటు ఈ మాటలూ మరుగున పడే అవకాశం ఉంది. తెలుగు శాఖల విద్యార్థులు తమ ప్రాంతంలోని ఒక్క షెడ్డునైనా క్షేత్రంగా తీసుకొని, ఒక్కొక్క లోపానికి మాట, పరీక్ష, మరమ్మతు అనే మూడింటినీ పక్కపక్కన నమోదు చేస్తే, 1962 నాటి పదకోశం నాగలి దగ్గర ఆపిన పనిని ట్రాక్టరు దగ్గర కొనసాగించినట్టవుతుంది.